లెక్క పెట్టి తింటున్న, ముల్లు మాత్రం పైకే పోతున్నది

ఆరోగ్యం: మీ ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్తే. నా పేరు వెయ్యకండి. నాకు 41 ఏండ్లు. ఉండేది హన్మకొండల, పనిచేసేది పరకాల రోడ్డు మీద ఒక సర్కారు బడిల. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. సంక్రాంతి సకినాలు అయిపోంగనే డైట్ మొదలుపెట్టిన. అప్పుడు 63 కిలోలున్న. ఇప్పుడు ఏప్రిల్ల 66న్నర ఉన్న. తగ్గుడు పోయి పెరుగుడైంది.

రోజు పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు నడుస్త. చేతి వాచీ 450 కేలరీలు ఖర్చయినట్టు చూపిస్తది. తిన్నదంత ఫోన్ల రాస్త, రోజుకు 1,300 దాటనియ్య. పొద్దున ఓట్స్ ఉప్మా. మధ్యాహ్నం డబ్బాల ఒక కప్పు అన్నం, కూర, పెరుగు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, కూర. చక్కెర మానేసిన. పెండ్లిళ్లకు పోయినా బగారన్నం ముట్టలె. ఇంట్ల అయిదుగురం, వంట నేనే చేస్త. నూనె నెలకు అయిదు లీటర్ల డబ్బా ఒక్కటే తెస్తం, నా లెక్కల రోజుకు ఒక చెంచా అని రాసుకుంట.

థైరాయిడ్ చూపించుకున్న, టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది, మంచిగనే ఉందన్నరు. మా అత్తమ్మ మాత్రం "తింటలేను తింటలేను అంటది, మరి ఆ ఒళ్లు ఎక్కడికెళ్లి వస్తుంది" అని వచ్చినోళ్ల ముందల అంటది. బళ్లె మేడంలు ముఖం నిండింది, బాగున్నవ్ అంటున్నరు. నాకైతే అద్దంల చూసుకోబుద్ధి అయితలేదు. జాకెట్లు పొట్ట కాడ పడతలేవు, చేతి గాజులు మాత్రం వదులైనయి. రాత్రి మూడింటికే మెలకువ వస్తుంది, ఆకలైతది. ఏదన్న ఇంత నోట్లె వేసుకోని పండుకుంట. కేలరీలు వెయ్యికి తగ్గియ్యాల్నా? ఇంకో గంట నడవాల్నా?

అన్నట్టు, మోకాళ్ల నొప్పికి మా అమ్మగారి ఊర్ల ఒకాయన ఇచ్చే పొడి డిసెంబర్ నుంచి వాడుతున్న. పొట్లాలల్ల వస్తది. దాంతోనే నడవగలుగుతున్న, చానా మంచిగ పనిచేస్తుంది.
— ఒక టీచర్, హన్మకొండ

జవాబు: చెల్లెమ్మా, కేలరీలు వెయ్యికి తగ్గించకండి. ఇంకో గంట నడవకండి. ముందు ఆ పొడి సంగతి చూడాలి.

ఓపీలో కూడా ఇట్లనే జరుగుతుంది. అన్నీ చెప్పి, చీటీ తీసుకుని, కుర్చీలోంచి లేచాక తలుపు దగ్గర ఆగి "అన్నట్టు మేడం" అంటారు. అసలు రోగం ఆ అన్నట్టులోనే ఉంటుంది. మీ ఉత్తరం మొత్తం చదివి చివరి నాలుగు ముక్కల దగ్గరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి చదివాను. అప్పుడు గాజుల మాట కనిపించింది.

మామూలుగా తిండి ఎక్కువై బరువు పెరిగితే అన్ని చోట్లా పెరుగుతుంది. గాజులు బిగుతవుతాయి, ఉంగరం రాదు, చెప్పు పట్టేస్తుంది. మీకు పొట్ట పెరిగి, ముఖం గుండ్రంగా నిండి, చేతులు మాత్రం సన్నబడ్డాయి. నిద్ర చెడిపోయింది. తెల్లవారుజామున ఆకలి లేపుతున్నది. మోకాళ్ల నొప్పి పేరులేని పొడితో పూర్తిగా పోయింది. ఇవన్నీ ఒక్క మనిషిలో కలిసి వస్తే నాకు ముందుగా తట్టేది స్టెరాయిడ్.

పేరు లేని పొట్లాల్లో, కీళ్లనొప్పుల పొడుల్లో, దమ్ము మందుల్లో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి మాత్రలను నూరి కలపడం వైద్యులకు కొత్త సంగతి కాదు. చాలాసార్లు ఇచ్చే మనిషికి కూడా అందులో ఏమున్నదో తెలియదు, ఇంకెవరి దగ్గరో కొనుక్కొచ్చి పొట్లాలు కడతాడు. నొప్పి రెండు రోజుల్లో మాయమవుతుంది కాబట్టి ఆయన హస్తవాసి మంచిదని పేరు. స్టెరాయిడ్ వాపును గట్టిగా అణిచేస్తుంది, అందుకే ఆ గుణం. డాక్టర్లు కూడా అవసరమైన జబ్బులకు ఇదే మందు వాడతారు, కాని మోతాదు చూసి, రోజులు లెక్కపెట్టి, బీపీ, షుగర్ చూసుకుంటూ. పొట్లంలో ఈ మూడూ ఉండవు.

ఆ మందు నెలల తరబడి ఒంట్లోకి పోతే ఆకలి పెరుగుతుంది. మీరు ఎంత గట్టి మనిషైనా రాత్రి మూడింటికి వచ్చే ఆ ఆకలి మీ సంకల్పం మాట వినదు. ఉప్పూ నీరూ ఒంట్లో నిలుస్తాయి. కొవ్వు ముఖానికి, మెడ వెనుకకు, పొట్టకు చేరుతుంది. అదే సమయంలో చేతుల్లో, తొడల్లో కండ కరుగుతుంది. అందుకే ముల్లు పైకి పోతుంటే గాజులు వదులయ్యాయి. ఇప్పుడు అద్దం ముందు మీరు చూసుకోవలసినవి వేరు. పొట్ట మీద, చంకల దగ్గర వేలంత వెడల్పున ఊదారంగు చారలు వచ్చాయా? చిన్న దెబ్బకే చర్మం కమిలి నల్లబడుతున్నదా? కింద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా? బడిలో మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయా?

ఇది చదివి వెంటనే ఆ పొడిని చెత్తబుట్టలో వేసి ఊరుకోవద్దు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. మన మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. బయటి నుంచి స్టెరాయిడ్ నాలుగు వారాలకు మించి పోతుంటే అవి పని తగ్గించేస్తాయి. మీరు డిసెంబర్ నుంచి వాడుతున్నారు. ఒక్కరోజులో ఆపేస్తే ఒంట్లో అదీ ఉండదు, ఇదీ ఉండదు. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, లేవలేని నీరసం రావచ్చు, జ్వరమో విరేచనాలో తోడైతే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పొట్లాలు చేత పట్టుకుని ఈ రెండు మూడు రోజుల్లోనే ఫిజీషియన్ దగ్గరికి పోండి, ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) అందుబాటులో ఉంటే మరీ మంచిది. వైద్య ఖర్చుకు వెనకాడే పనైతే పెద్ద సర్కారు దవాఖాన మెడిసిన్ ఓపీలో చూపించుకోండి. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని పొట్లాలు, మధ్యలో సూదులేమైనా వేయించుకున్నారా, అన్నీ చెప్పండి. పొద్దున 8 గంటల ప్రాంతంలో రక్తంలో కార్టిసాల్ చూస్తారు. బయటి స్టెరాయిడ్ పోతుంటే అది సాధారణంగా బాగా తక్కువ వస్తుంది. దాంతోపాటు బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), పొటాషియం. ఆ తర్వాత డాక్టర్ లెక్క తెలిసిన మాత్ర ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఆ తగ్గించే నెలల్లో ఒళ్లునొప్పులు, నీరసం ఉంటాయి. మళ్లీ ఊరికి పోయి పొట్లం తెచ్చుకోవాలనిపిస్తుంది. అప్పుడే గట్టిగా నిలబడాలి.

పొట్లంలో స్టెరాయిడ్ లేదని తేలితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కాని తేలేదాకా ఉన్నదనుకునే నడవాలి.

ఇక మీ 1,300 లెక్క. మీరు అబద్ధం రాస్తున్నారని నేను అనడం లేదు, ఎవరన్నా ఒప్పుకోను కూడా. ఇంటి వంటను ఫోన్‌లో కొలవడం చాలా కష్టం. 1992లో అమెరికాలో ఎంత డైట్ చేసినా తగ్గడం లేదని వచ్చిన పదిమందిని పరీక్షగా చూశారు. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్ల ఒంటి ఖర్చు మామూలుగానే ఉన్నది. తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ రాశారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువ రాశారు. మోసం చేద్దామని వచ్చినవాళ్లు కాదు, తగ్గాలని గట్టిగా కోరుకుని వచ్చినవాళ్లే.

మీ వంటింట్లోకి వద్దాం. నూనె డబ్బా చాలా నిజాయితీ గల సాక్షి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. అయిదు లీటర్లంటే 4,550 గ్రాములు. ముప్పై రోజులకు, అయిదుగురికి పంచితే మనిషికి రోజుకు 30 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 270. మీరు రాసుకునే ఒక చెంచా 5 గ్రాములు, 45 కేలరీలు. మిగతా 225 ఎక్కడా రాయలేదు. పోపు గంటెలో వేసింది, కూర అడుగున తేలింది, ఆదివారం పూరీలకు తాగింది, అన్నీ ఆ డబ్బాలోవే. పిల్లలు తక్కువ తింటే మీ పెద్దల వాటా ఇంకా పెరుగుతుంది.

రొట్టె కూడా అంతే. ఫోన్‌లో రొట్టె అని కొడితే చాలావరకు చిన్న పుల్కా లెక్క వస్తుంది, 80 నుంచి 100 కేలరీలు. మనం చేత్తో తట్టి పెనం నిండా వేసే జొన్న రొట్టెకు 75 గ్రాముల దాకా పిండి పడుతుంది, అంటే 250 కేలరీలు. రెండింటికి 500. ఇక్కడ ఇంకో 300 తప్పిపోయాయి. జొన్న రొట్టె చెడ్డదని కాదు, నేను కూడా రాత్రి అదే తింటాను. పిండి ఒక్కసారి తూకం వేసి ఎన్ని రొట్టెలయ్యాయో చూసుకోండి, ఆ తర్వాత రోజూ వేయనక్కర్లేదు.

ఇప్పుడు కలపండి. 1,300కు 225, దానికి 300. మొత్తం 1,825. మీ వయసు, ఎత్తు, బరువు, బడిలో నిలబడి చెప్పడం, పొద్దుటి నడక అన్నీ కలుపుకుంటే మీ ఒంటి ఖర్చు కూడా 1,800, 1,900 మధ్యనే ఉంటుంది. అంటే మీరు తగ్గకపోవడానికి కారణం దొరికింది. పెరగడానికి మాత్రం దొరకలేదు. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. మూడున్నర కిలోలూ కొవ్వే అనుకుంటే 27,000. మూడు నెలలకు పంచితే ఖర్చుకు మించి రోజూ 300 తినాలి. ఆ 300లో కొంత నిజానికి ఒంట్లో నిలిచిన నీరు. కొంత రాత్రి మూడింటి "ఇంత నోట్లె". ఫోన్‌లో అది రాస్తున్నారా? ఆ రెండింటి వెనుకా పొడే ఉన్నదని నా అనుమానం. అందుకే తిండి ఇంకా కోయవద్దన్నాను. స్టెరాయిడ్ కండను కరిగిస్తున్నప్పుడు వెయ్యి కేలరీలకు దిగితే కరిగేది ముందు కండే.

వాచీ చూపించే 450ని మర్చిపోండి. మీ బరువుకు కట్ట మీద గంట నడకకు అయ్యేది 230 దాకా. అందులో కూర్చున్నా ఖర్చయ్యేది తీసేస్తే మిగిలేది 165. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల వాచీలు, బ్యాండ్లు పరీక్షిస్తే గుండె వేగం చాలావరకు సరిగ్గానే చెప్పాయి, కేలరీల్లో మాత్రం అన్నిట్లోకి మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. కొన్ని యాప్‌లు వాచీ చెప్పిన ఖర్చును మీ తిండి కోటాకు కలిపి "ఇంకా 450 తినొచ్చు" అంటాయి. ఆ సెట్టింగ్ తీసేయండి. నడక మాత్రం మానకండి. గుండెకు, నిద్రకు, మనసుకు ఆ గంట చేసే మేలు కేలరీల్లో కనిపించదు.

తూకం రోజూ చూస్తే మనసు పాడవుతుంది. ముందురోజు పచ్చడితో తిన్నా, నెలసరి దగ్గరపడ్డా, రెండు రోజులు మలబద్ధకం ఉన్నా కిలో, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది. వారంలో మూడు పొద్దులు, లేచి బాత్రూంకు పోయొచ్చాక, ఏమీ తాగకముందు చూసి సగటు రాసుకోండి. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి, మగవాళ్లకు 90. నాలుగైదు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడుతూ, పడుకుంటే దమ్ము వస్తే మాత్రం అది డైట్ మాట కాదు, గుండె, కిడ్నీ, కాలేయం చూపించుకోవాలి, అదే రోజు.

థైరాయిడ్ గురించి ఇంకా అనుమానం పెట్టుకోకండి. 2.8 మంచి అంకె. అసలు థైరాయిడ్ తక్కువైనా దానివల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులో చాలావరకు నీరే.

తిండిలో మీకు తక్కువైనది మాంసకృత్తులు. పొద్దున ఓట్స్‌లో, మధ్యాహ్నం డబ్బాలో అవి దాదాపు లేవు. ఉప్మా బదులు రెండు గుడ్లు, లేదా రెండు పెసరట్లు. డబ్బాలో అన్నం అంతే ఉంచి ముద్దపప్పో, సెనగలో గట్టిగా పెట్టండి. సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు ఆకలితో బస్సు దిగుతారు, అప్పటికి ఒక గిన్నెడు బొబ్బెర గుడాలు ఉడికి ఉంటే రాత్రి ఆకలి సగం తగ్గుతుంది. నూనె డబ్బా అయిదు లీటర్ల నుంచి మూడున్నరకు తేండి. కూరలో తేడా ఎవరికీ తెలియదు, పోపు చల్లగా వేసే అలవాటు మార్చి గంటె బాగా కాలాక వేస్తే చాలు.

మోకాళ్లు మిగిలాయి. పొడి ఆగితే నొప్పి తిరిగి వస్తుంది, దానికి ముందే ఏర్పాటు ఉండాలి. ఎముకల డాక్టర్‌కు చూపించి నొప్పి దేనివల్లో తేల్చుకోండి. ఎక్కువమందికి పనికొచ్చే వ్యాయామం ఒకటి చెప్తాను. స్టాఫ్‌రూం కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు చాపి, తొడ కండ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. కాలుకు పది చొప్పున, రోజుకు మూడుసార్లు. తొడ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఒంట్లో కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని కొలిచి చూశారు. అప్పటిదాకా కట్ట మీద గంట కాకుండా, పొద్దున అరగంట, సాయంత్రం పావుగంటగా విడగొట్టండి.

అత్తమ్మగారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఆమె కళ్లకు కనిపించింది నిజమే, కోడలి ఒళ్లు పెరిగింది. దానికి కారణం దొంగచాటు తిండి అనుకోవడం మాత్రం అన్యాయం. మూడు నెలలుగా తెల్లవారకముందే లేచి నడిచి, పెండ్లి విందులో చేయి కడుక్కుని లేచిన మనిషికి వచ్చినోళ్ల ముందర ఆ మాట ఎంత కోత పెడుతుందో నాకు తెలుసు. ఆ మాటలు పడ్డవాళ్లు నా గదిలో ఏడుస్తారు. రేపు దవాఖానకు పోయేటప్పుడు అత్తమ్మగారినే తోడు తీసుకుపోండి. కార్టిసాల్ రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాకు 48 ఏండ్లు. సింగరేణిల పనిచేస్త. షుగర్ పదేండ్ల సంది ఉన్నది. దసరా తర్వాత హెచ్‌బీఏ1సీ 9.8 వస్తే గ్లిమెపిరైడ్ మాత్ర పెంచి, ఇన్సులిన్ గూడ మొదలుపెట్టిన్రు. ఇప్పుడు 7.3కు వచ్చింది. గని అయిదు కిలోలు పెరిగిన. చక్కెర, ఆలుగడ్డ, మామిడిపండు అన్నీ బంద్ పెట్టిన. నైట్ షిఫ్టులు పడ్డప్పుడు చెమటలు పట్టి చేతులు వణుకుతయి, బిస్కెట్లు తింటే సర్దుకుంటది. ఇన్సులిన్‌తోనే లావు అయితున్ననని దోస్తులు అంటున్నరు, బంద్ పెట్టాల్నా?
— ఒక కార్మికుడు, భూపాలపల్లి

జవాబు: బంద్ పెట్టకండి తమ్ముడూ. మీ దోస్తులు చెప్పింది సగం నిజం.

9.8 ఉన్నప్పుడు మీ రక్తంలో చక్కెర రోజులో చాలాసేపు 180 దాటి ఉండేది. ఆ హద్దు దాటిన చక్కెర మూత్రంలో పోతుంది. అంటే మీరు తిన్నదాంట్లో కొంత ఒంటికి పట్టకుండానే బయటికి పోయేది, అందుకే అప్పుడు సన్నగా ఉన్నారు. ఇప్పుడు మందు పనిచేస్తున్నది, తిన్నది తిన్నట్టు ఒంటికి పడుతున్నది. తిండి పాతదే అయినా బరువు పెరగడానికి ఇదొక్కటి చాలు. కళ్లు, కిడ్నీలు, కాళ్ల నరాలు కాపాడుకోవడానికి 7.3 చాలా విలువైన అంకె, దాన్ని పోగొట్టుకోవద్దు.

రెండో సగం ఆ చెమటలు, వణుకు. అది షుగర్ పడిపోవడం. నైట్ షిఫ్టులో భోజనం వేళలు మారతాయి, మాత్ర వేళ మాత్రం పాతదే ఉంటుంది. గ్లిమెపిరైడ్ వేసుకుని తినకుండా పడుకున్నా, లేక తినే వేళ దాటిపోయి పనిలో ఉన్నా షుగర్ దిగుతుంది. దిగినప్పుడల్లా ఎనిమిది పది బిస్కెట్లు పోతాయి, వాటి కేలరీలు అదనం. గనిలో, యంత్రం దగ్గర షుగర్ పడిపోవడం బరువుకంటే పెద్ద ప్రమాదం. డాక్టర్ దగ్గరికి పోయి మీ షిఫ్టుల కాగితం ముందర పెట్టండి. ఏ షిఫ్టు వారంలో ఏ మాత్ర ఎప్పుడు, ఇన్సులిన్ ఎప్పుడు అని రాయించుకోండి. గ్లిమెపిరైడ్ తగ్గించి, బరువు పెంచని, షుగర్‌ను అంతగా పడగొట్టని మందులకు మారవచ్చా అని అడగండి. మెట్‌ఫార్మిన్ ఉన్నది, చక్కెరను మూత్రంలో పంపే మందులున్నాయి, ఇంకా కొత్తవి కూడా ఉన్నాయి. మీ కిడ్నీ రిపోర్టు చూసి ఆయన తేలుస్తారు.

అప్పటిదాకా జేబులో మూడు చెంచాల గ్లూకోజ్ పొడి చిన్న పొట్లం కట్టి పెట్టుకోండి. వణుకు వస్తే అది నీళ్లలో వేసి తాగి, పావుగంట ఆగి చూడండి. బిస్కెట్ కంటే తొందరగా పనిచేస్తుంది, కొవ్వు ఉండదు. తోటివాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. నైట్ షిఫ్టుకు పోయేముందు పూర్తి భోజనం చేయండి, నడిరాత్రి డబ్బాలో గుడాలో గుడ్డో ఉండనివ్వండి. తెల్లారి ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిని పడుకునే అలవాటు ఉంటే దాన్ని సగం చేయండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఫోన్ పక్క గదిలో పెట్టి ఏడు గంటలు పడుకోండి. నిద్ర చాలని మనిషికి ఆకలి ఎక్కువ. మామిడిపండు పూర్తిగా మానక్కర్లేదు, అన్నం రెండు ముద్దలు తగ్గించి నాలుగు ముక్కలు తినండి.

ప్రశ్న: మేడం, నా వయసు 23. జిమ్‌లో చేరి మూడు వారాలైంది. తగ్గుదామని పోతే రెండు కిలోలు పెరిగిన. కోచ్ చెప్తే క్రియాటిన్ అనే కండల పొడి వాడుతున్న. జిమ్ మానెయ్యాల్నా?
— ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: మానకు. కొత్తగా బరువులెత్తితే కండలు కొద్దిగా వాచి నీరు పడతాయి, నొప్పి అందుకే. పైగా కండ తన వాడకానికి గ్లైకోజన్ (చక్కెర నిల్వ) ఎక్కువ దాచుకుంటుంది, దాని ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. క్రియాటిన్ మొదటి వారాల్లో కండలోకి ఇంకొంత నీరు లాగుతుంది. రెండు కిలోలకు ఇవి చాలు. మూడు వారాల్లో అంత కండ రాదు, జిమ్‌కు పోతూ మామూలు తిండి తినేవాడికి అంత కొవ్వూ రాదు. ఎనిమిది వారాల దాకా తూకాన్ని పక్కన పెట్టి ప్యాంటు నడుము చూసుకో.

క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు, సీలున్న డబ్బాదే వాడు. విడిగా కవర్లో పోసి ఇచ్చే పొడి ఏదీ, ఎవరు ఇచ్చినా, తీసుకోకు. కిడ్నీ జబ్బు ఉంటే క్రియాటిన్ అసలే వద్దు. ఎప్పుడన్నా రక్తపరీక్ష పడితే ఈ పొడి వాడుతున్నట్టు డాక్టర్‌కు ముందే చెప్పు, రిపోర్టులో కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అంకె కొంచెం ఎక్కువ కనిపించవచ్చు.